ఊది చూడరాదు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఇరవై ఏళ్ళుగా తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కలు చెబుతున్నదాన్ని, రాకపోతేనే ఆశ్చర్యం. అయితే మనుషుల మీద వచ్చిన కోపం సాయంత్రానికల్లా దిగిపోతుంది. రెండు జానలైనా లేని వెదురు ముక్క మీద వచ్చిన కోపం మాత్రం నెల దాటినా దిగలేదు. ఆ వెదురుకి నన్ను తిరిగి తిట్టే వీలు లేకపోవడం ఇంకా ఒళ్ళు మండించింది.

మా ఇల్లు వట్లూరులో, నేను చెప్పే బడి తాడేపల్లిగూడెంలో. రోజూ రైల్లో వెళ్ళి రైల్లో వస్తాను. ఆషాఢంలో ఒక సాయంత్రం బడిలో మీటింగు సాగదీసి, సాగదీసి నా రైలు తప్పించారు. ఇంకో రైలుకి గంట పైనే ఉంది. స్టేషన్ వెనక వీధిలో నడుస్తుంటే ఒక మేడ మీద నుంచి వేణువు వినిపించింది. పాట కాదు, రాగం కూడా కాదు. ఒక్కటే స్వరం. పట్టుకుని అలా నిలబెట్టి ఉంచారు. నేను తల తిప్పి చూసి వెళ్ళిపోయే మనిషినే. ఆ రోజు కాలు కదల్లేదు. ఎవరి ఇల్లో తెలియకుండా మెట్లెక్కేశాను.

పైన ఒక పెద్దాయన చాప మీద కూర్చుని ఉన్నారు. రైల్వే గూడ్సు ఆఫీసులో చేసి రిటైరయ్యారట. ఆదివారాలు ఇద్దరు ముగ్గురికి వేణువు నేర్పుతారట. నేను చెప్పాపెట్టకుండా వచ్చినందుకు క్షమాపణ చెప్పుకుంటుంటే ఆయన అదేమీ పట్టించుకోలేదు.

"నేర్చుకోవాలనుందాండీ?" అని అడిగారు.

"నాకు నలభై నాలుగేళ్ళండి," అన్నాను.

"వయసుతో పనేముందమ్మా. నోరుంటే చాలు."

నోరు ఉందని మా బడిలో ఎవరినడిగినా చెబుతారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. పై పెదవి వేలితో ఎత్తి ముందు పళ్ళు చూపించారు.

"ఒక్క మాట ముందే చెప్పాలండి. ఈ మూడూ కదిలిపోతున్నాయి. తీసేయాలంటున్నారు డాక్టరు గారు. కార్తీకం దాకా ఆగండి బాబూ అని నేనే బతిమాలుకున్నాను. ఇవి పోతే పెదవికి ఆధారం ఉండదు, గాలి చెదిరిపోతుంది. అప్పుడు చెప్పగలను గానీ ఊది చూపించలేను. ఇది చెబితే వచ్చే విద్య కాదండి, వినాలి."

మొదటి పాఠం విజయదశమికే పెడతారట. అప్పటిదాకా ఆదివారాలు వచ్చి ఊరికే కూర్చుని వినమన్నారు. ఈలోపు ఐదు శ్రుతి వేణువు, ఎనిమిది బెజ్జాలున్నది ఒకటి కొనుక్కోమన్నారు. "ఊదుతూ ఉండండి. శబ్దం వస్తే వస్తుంది, రాకపోతే లేదు. దానికేం కంగారు లేదు," అన్నారు.

ఈ ఆఖరి మాట నా చెవికెక్కలేదు. హోంవర్కు చేయకుండా వచ్చిన పిల్లల్ని గుమ్మం బయట నిలబెట్టే మనిషిని నేను. శబ్దం రాని వేణువు చంకన పెట్టుకుని ఒక మాష్టారి ముందు ఎలా కూర్చుంటాను? శబ్దం తెచ్చుకునే వెళ్ళాలి అని రైల్లో వస్తూనే తీర్మానం చేసుకున్నాను. నా బతుకులో చేసిన ప్రతి పనికీ ఏదో ఒక ప్రయోజనం ఉంది. చదువు ఉద్యోగం కోసం, ఉద్యోగం ఇంటి కోసం, ఇల్లు అందరి కోసం. ఆ ఒక్క స్వరం మాత్రం ఎందుకూ పనికిరాదు, అది నాకు కావాలి. అది ఆయన నోట ఉండగానే కావాలి. ఇంత స్పష్టంగా దేన్నీ ఎప్పుడూ కోరుకున్నట్టు గుర్తులేదు.

శ్రావణంలో ఒక గురువారం ఏలూరు వన్‌టౌన్‌లో ఒక దుకాణానికి వెళ్ళాను. హార్మోనియాలు, తబలాలు, క్యారం బోర్డులు, ఆటల పోటీలకిచ్చే కప్పులు, అన్నీ అక్కడే. గల్లా వెనక గోడ మీద ఎర్ర రంగుతో రాసిన బోర్డు ఉంది: "వేణువులు, మౌతార్గన్లు నోట పెట్టి ఊది చూడరాదు."

"ఊదకుండా ఎలా కొనాలండీ?" అని అడిగాను.

దుకాణదారు చాలా మర్యాదగల మనిషి. ఆ మర్యాదతోనే నా ప్రాణం తీశాడు. "మీరు ఊది నచ్చలేదని అక్కడ పెట్టేశారనుకోండి. ఎంగిలైపోయింది కదండీ. తరవాత వచ్చినాయనకి ఎలా అమ్మనండీ? అదే మీరు కొనే వేణువు ముందొకాయన ఊది పెట్టేసిందైతే మీకు బావుంటుందాండీ?"

బావుండదు. అది ఒప్పుకోక తప్పలేదు. మా ఇంట్లో గ్లాసు ఎత్తి పోసుకుంటామే గానీ పెదవి ఆనించి తాగం. తాగితే మా అత్తగారు ఆ గ్లాసు విడిగా పెట్టించి కడిగిస్తారు. అలాంటి ఇంటి నుంచి వచ్చి ఆయనతో ఏం వాదించను? మొదట ఆయన ఆరు బెజ్జాలది ఇచ్చాడు. ఎనిమిది కావాలంటే, "ఆరైనా ఎనిమిదైనా ఫ్లూటు ఫ్లూటేనండీ," అన్నాడు. వెతికించి ఎనిమిదివి నాలుగు తీయించాను. సొరకాయ కొనేటప్పుడు గోరు గుచ్చి చూస్తాం కదా, అలా నాలుగింటినీ గోటితో కొట్టి చూసి, మోగిందనిపించిన దాన్ని తెచ్చుకున్నాను. మోగడానికీ ఊదడానికీ సంబంధం ఏమిటో ఆ క్షణంలో అడిగి ఉంటే చెప్పలేను.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. బడికి సెలవు పెట్టి పొద్దున్నే తలంటుకుని వచ్చేసరికి నా వేణువు దేవుడి గదిలో ఉంది. దాని నిండా పసుపు, మూడు చోట్ల కుంకుమ బొట్లు. ఊదే బెజ్జం మీద ఒక చామంతి పువ్వు.

తప్పు మా అత్తగారిది అనడానికి లేదు. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు దేవుడి దగ్గర పెట్టి పసుపు కుంకుమలు అద్దాకే వాడతాం. మిక్సీకి అద్దాం, స్కూటీకి అద్దాం, మావారి ఆఫీసు ల్యాప్‌టాప్‌కి కూడా అద్దాం. మిక్సీని ఎవరూ నోట్లో పెట్టుకోరు కనుక ఏనాడూ చిక్కు రాలేదు.

పూజ అయ్యాక తీసుకోబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"అదేంటమ్మాయ్, పూజలో పెట్టిన పిల్లంగోవి ఎంగిలి చేస్తావా?"

"అత్తయ్యగారూ, ఊదడానికే కొన్నానండీ!"

"ముందు ఊదేసి ఉంటే నేను లోపల పెట్టేదాన్నా? ఊదలేదు కనకే పెట్టాను. ఇప్పుడది స్వామిది. అష్టమి కూడా వస్తోంది, కృష్ణుడి పటానికి ఆనించి ఉంచుతాను. నువ్వు ఇంకోటి తెచ్చుకో తల్లీ."

ఆవిడ గొంతు పెంచరు. గొంతు పెంచని మనిషితో పోట్లాట ఎంత కష్టమో నాలాంటి వాళ్ళకే తెలుసు. మావారి వైపు చూశాను. కలెక్టరేట్‌లో నలుగురి ఫైళ్ళు మోసే మనిషి, ఇంట్లో ఈ ఫైలు మాత్రం ముట్టనన్నట్టు పేపరు అడ్డం పెట్టుకున్నారు. కోపంతో ఆ పూట పులిహోర కూడా తినలేదు. అందరూ అది ఉపవాసం అనుకుని మెచ్చుకున్నారు.

కృష్ణాష్టమి వెళ్ళాక మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళాను. దుకాణదారు మొహం విప్పారింది. "ఇంకోటాండీ? మొదటిది అంత బాగుందన్నమాట!" అన్నాడు. జరిగింది చెప్పే ఓపిక లేక అవునన్నాను. రెండోదాన్ని బస్సు దిగి ఇంటి గేటు దాటకముందే, వీధిలోనే నిలబడి నోట పెట్టుకుని ఒకసారి ఊదాను. ఎంగిలి చేసి మరీ లోపలికి తీసుకెళ్ళాను. ఇక ఎవరూ ముట్టరని గెలిచినంత సంబరపడ్డాను.

సంబరం ఆ ఒక్క ఊదుడుతో సరి. శబ్దం రాలేదు. గాలి వచ్చింది. "ఫూ" అని అటునుంచి బయటికి పోయింది. మొదటి రోజు కదా అనుకున్నాను. వారం గడిచింది, ఫూ. రెండు వారాలు గడిచాయి, ఫూ. మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో పొద్దున అరగంట, బడి నుంచి వచ్చాక అరగంట ఊదేదాన్ని. కళ్ళు తిరిగేవి, చెవులు గుయ్యిమనేవి, పెదవులు వాచేవి. ఫోనులో వీడియోలు చూస్తే ఒకాయన నవ్వుతూ ఊదమంటాడు, ఇంకొకాయన నవ్వకూడదంటాడు. ఒకావిడ ఖాళీ సీసా ఊదినట్టు ఊదమంది. సీసా ఊదాను, సీసా మోగింది. వేణువు మోగలేదు. పక్కింటావిడ ఒకరోజు పిట్టగోడ దగ్గరికొచ్చి, "ఏవండీ, ఆయాసమా? మా ఆడపడుచుకి కూడా ఇలాగే ఉండేదండీ, పెదవేగి దగ్గర ఒకాయన పసరు మందిస్తారు," అని చిరునామా చెప్పింది.

మా అత్తగారు కిందనుంచే సలహా ఇచ్చారు. "మేము చిన్నప్పుడు పొయ్యి గొట్టం ఊదేవాళ్ళం కాదూ, బుగ్గలు పూరించి గట్టిగా లోపలికి ఊదాలి. పైపైన ఊదితే నిప్పు అంటుకుంటుందా?" నిజమే అనిపించింది. ఊదడమంటే నేనెరిగినది కూడా అదే. ఇంకా గట్టిగా, బెజ్జం మొత్తానికి పెదవి ఆనించి, లోపలికే ఊదాను. మూడో రోజుకి చెవిలో పోటు మొదలైంది.

తప్పు నాదా, వేణువుదా? ఇదీ నన్ను తినేసిన ప్రశ్న. లెక్క తప్పితే ఏ మెట్టు దగ్గర తప్పిందో వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు. ఇక్కడ వెనక్కి వెళ్ళడానికి మెట్లే లేవు. గోటితో కొట్టి కొన్న వస్తువు, పగులు ఉందేమో, బెజ్జం వంకరేమో, ఎవరికి తెలుసు? తేలాలంటే ఊదడం వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు దాన్ని ఊదాలి. మావారు ఊదారు, ఆయనకీ ఫూ. ఇద్దరు రానివాళ్ళు ఊదితే ఏం తేలుతుంది? మా వీధి చివర గుడిలో సన్నాయి వాయించే ఆయన్ని బతిమాలాను. రెండు చేతులూ జోడించి, "తల్లీ, మీరు ఊదిందాన్ని నేను నోట పెట్టుకోనా? అది మీకూ మర్యాద కాదు, నాకూ మర్యాద కాదండి," అన్నాడు. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "చూపుకి బానే ఉందండి," అని ఇచ్చేశాడు.

చివరికి దుకాణానికి పట్టుకెళ్ళాను. అప్పటికే నాకు పూర్తిగా పిచ్చెక్కి ఉంది.

"ఇది పలకడం లేదండీ. మార్చి ఇవ్వండి," అన్నాను.

"ఊదారాండీ?"

"ఊదకుండా పలకడం లేదని ఎలా తెలుస్తుంది?"

"ఊదితే ఎంగిలైనట్టేగా, వెనక్కి తీసుకోలేనండీ."

"ఊదకుండా తెచ్చి ఉంటే?"

"ఊదకుండా తెస్తే బాగోలేదని ఎలా చెప్పగలరండీ?"

ఇరవై ఏళ్ళుగా పిల్లలకి నిరూపణలు రాయించిన మనిషిని, ఆ గల్లా ముందు ఆ వాదనలో తప్పెక్కడో పట్టుకోలేకపోయాను. తప్పు దొరకలేదు కానీ అరుపు వచ్చింది. దుకాణంలో ఎవరో మద్దెల బేరమాడుతున్నారు, వాళ్ళ ముందే అరిచాను. పనికిరాని సరుకు అంటగట్టి ఎంగిలి పేరు చెప్పి తప్పించుకుంటున్నారని నానా మాటలూ అన్నాను. ఆయన "మంచినీళ్ళు తాగుతారాండీ?" అని అడిగాడు, అంతే. బయటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

తాడేపల్లిగూడెం మాష్టారైతే నిమిషంలో తేల్చి చెప్పేవారు. రోజూ ఆ స్టేషన్లోనే దిగుతున్నాను, అక్కడే ఎక్కుతున్నాను. ఆ వెనక వీధిలోంచి వెళ్ళడం మాత్రం మానేసి, చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా వెళ్ళేదాన్ని. ఆదివారం వస్తే, వచ్చే ఆదివారానికి వచ్చేస్తుందిలే అనుకునేదాన్ని. ఎన్ని ఆదివారాలు అలా అనుకున్నానో వేళ్ళు మడిచి చూడాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

భాద్రపదం రెండో పక్షంలో మా నాన్నగారి తిథి. కొల్లేరు ఒడ్డున ఒక ఊళ్ళో మా అన్నయ్య పోస్ట్‌మాస్టరు. తద్దినం అక్కడే పెడతాడు. కైకలూరులో బస్సు దిగితే మోటారు సైకిలు మీద వచ్చి తీసుకెళ్ళాడు. పక్కకి తిరిగి కూర్చుని, ఒళ్ళో బ్యాగు పెట్టుకున్నాను. వేణువు బ్యాగులో పట్టక తల బయటికి పొడుచుకొచ్చింది. తద్దినానికి వెళ్తూ వేణువెందుకని అడగొద్దు. రానివాళ్ళకే అది వదలదు.

చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు. ఎదురు గాలి విసురుగా ఉంది. అన్నయ్య వేగం పెంచేసరికి ఎక్కడో సన్నగా ఊళ వేసినట్టు వినిపించింది.

"ఏంటే ఆ కూత?" అన్నాడు అన్నయ్య. బండి ఆపి, దిగి, చైను చూశాడు. సైలెన్సరు చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ బయలుదేరాం. వేగం అందుకోగానే మళ్ళీ అదే. "నిన్ననే సర్వీసింగు చేయించానే దీనికి!" అని తిట్టుకుంటూ మళ్ళీ ఆపాడు. ఈసారి వంగి చక్రం తిప్పి చూశాడు.

నాకు అప్పుడు తట్టింది.

"అన్నయ్యా, బండిది కాదు. పోనీ."

బ్యాగు గట్టిగా పట్టుకుని వేణువు తలని కొంచెం ఇటు తిప్పాను, కూత ఆగింది. అటు తిప్పాను, వచ్చింది. మెల్లగా పొమ్మన్నాను, పోయింది. వేగంగా పొమ్మన్నాను, వచ్చింది. ఒక పిసరు బయటికి తిప్పితే ఇంకా తేటగా వచ్చింది. గాలి బెజ్జంలోకి పోవడం లేదు. బెజ్జం మీదుగా వెళ్ళి అవతలి అంచుకి కొట్టుకుంటోంది. అంతే. నేను ఇన్నాళ్ళూ చేసిందేమిటంటే, పెదవితో దాని గొంతు నొక్కి లోపలికి ఊదడం. పొయ్యిలో నిప్పు రాజేయడం.

ఊదడం వచ్చిన మనిషి ఊదనన్న నా ఎంగిలి వేణువుని కొల్లేటి గాలి ఊదింది. నెలకి పైగా బుగ్గలు పూరించి చచ్చిన నేను ఊదలేనిది ఊరికే పోతున్న గాలి ఊదేసింది. సంతోషించాల్సింది పోయి, బండి మీద కూర్చుని ఏడ్చినంత పని చేశాను. వెదురు మంచిది. దుకాణదారు మంచివాడు. తప్పంతా నాదే. దానికి ఇంకెవరినీ తిట్టే వీలు లేదు.

"ఏమయిందే?" అన్నాడు అన్నయ్య.

"నాన్న గుర్తొచ్చారు," అన్నాను. తిథి నాడు అబద్ధం ఆడినందుకు తరవాత బాధపడ్డాను.

మర్నాడు వట్లూరులో మేడ మీద, వేణువుని పెదవి కిందకి దించి, బెజ్జం ముప్పాతిక తెరిచి, గోరంత బయటికి తిప్పి ఊదాను. పది సార్లు ఫూ. పదకొండోసారి వచ్చింది. చిన్నది, వణుకుతున్నది, కానీ వచ్చింది. కింద నుంచి అత్తగారు, "అమ్మాయ్, కుక్కరు ఎవరూ పెట్టలేదు కదా, ఆ కూతేమిటి?" అని కేకేశారు. నేను ట్యాంకుకి వీపు ఆనించి కూర్చుండిపోయాను. అంత ఆనందం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు చేసుకోబోతే ఏదీ గుర్తు రాలేదు.

రెండు రోజుల్లో ఆదివారం. ఆ ఆదివారం వెళ్ళాల్సింది. శబ్దం వచ్చింది కదా, ఇంకేం కావాలి? కానీ అది మూడు అంకెలు లెక్కపెట్టేసరికి తెగిపోతోంది. పది లెక్కపెట్టే దాకా నిలబెట్టి, ఒకేసారి దశమికి వెళ్ళి ఊదితే ఆ పెద్దాయన మెచ్చుకోవాలి. అదీ నా ఆశ. నలభై నాలుగేళ్ళ మనిషికి ఇంకా ఫస్టు ర్యాంకు బుద్ధి పోలేదు. ఆ ఆదివారం కూడా మేడ మీదే గడిపాను, తరవాతి ఆదివారం కూడా. మూలా నక్షత్రం నాడు అత్తగారు సరస్వతీ పూజకి పుస్తకాలు సర్దుతుంటే ఎంగిలిదే అయినా ఎందుకైనా మంచిదని వేణువుని నా చీరల మధ్య దాచేశాను.

విజయదశమి పొద్దున్నే కొత్త పంచెల చాపు, తమలపాకులు, ఒక డజను దోర జామకాయలు పళ్ళెంలో సర్దుకుని రైలెక్కాను. శ్వాస పట్టి పన్నెండు దాకా లెక్కపెట్టగలుగుతున్నాను అప్పటికి. భీమడోలు దాటాక కిటికీ వైపు తిరిగి పెదవులు సర్దుకుని గాలి ఊదుకున్నాను కూడా. ఎదురుగా కూర్చున్నావిడ బిడ్డని దగ్గరికి లాక్కుంది.

మెట్లెక్కేసరికి మాష్టారు అదే చాప మీద ఉన్నారు. పై పెదవి కొంచెం లోపలికి పోయినట్టుంది. "రండమ్మా," అన్నారు. ఆ ఒక్క మాటలోనే గాలి కలిసింది. నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా జామకాయల పళ్ళెం అలా పట్టుకునే నిలబడ్డాను. ఆ కాయలు ఎక్కడైనా దాచేస్తే బాగుండునని అనిపించింది.

"అమావాస్య వెళ్ళిన రెండో రోజు వాపు వచ్చేసిందమ్మా. జ్వరం కూడా. ఇక ఆగడానికి వీల్లేదని మూడూ తీసేశారు. మీకు కబురు చేద్దామంటే ఫోను నంబరు రాసుకోలేదు." మాటల మధ్య పెదవి తడుపుకుంటున్నారు. "ఆదివారాలు వస్తారేమో అని మీకు కూడా చాప వేయించానండి. రెండు నెలల పైనే. పళ్ళు పోయేముందు వేణువు బాగా పలికిందమ్మా. ఆ రెండు నెలలూ బ్రహ్మాండంగా పలికింది."

ఏ కారణం చెప్పను? శబ్దం రాలేదు కనుక శబ్దం వినడానికి రాలేదని చెప్పాలా? పళ్ళెం ఆయన ముందు పెట్టి కూర్చున్నాను.

ఆయన తమలపాకులు కళ్ళకద్దుకుని పక్కన పెట్టి, తన వేణువు తీశారు. ఎన్నేళ్ళదో, చేతులు ఆనే చోట నల్లగా నిగనిగలాడుతోంది. పెదవికి ఆనించి కళ్ళు మూసుకున్నారు. నేను ఒళ్ళంతా చెవులు చేసుకున్నాను.

ఫూ అని వచ్చింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఆ చప్పుడుతో నెలకి పైగా కాపురం చేశాను. ఆయన వేణువు కాస్త తిప్పి మళ్ళీ ఊదారు. మళ్ళీ అదే. ఒడిలో పెట్టుకుని, ఏదో చిన్న పని ఆగిపోయినట్టు, "చూశారా, ఇదండీ సంగతి," అన్నారు. తరవాత, "మీరు ఊదండి," అన్నారు.

నేను ఊదాను. వచ్చింది. మేడ మీద రానంత తేటగా వచ్చింది. లెక్కపెట్టడం మర్చిపోయాను గానీ, శ్వాస అయిపోయే దాకా నిలబడింది.

"మళ్ళీ," అన్నారు.

ఊదాను. మళ్ళీ అన్నారు. మళ్ళీ ఊదాను. ఇప్పుడు తప్పు చెబుతారు, ఇప్పుడు పెదవి సరిచేస్తారు అని ప్రతిసారీ ఎదురుచూశాను. ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు, తెరవలేదు. పది సార్లయ్యాక నాకు ఆయాసం వచ్చింది.

"మాష్టారూ, శ్రుతి సరిగ్గా ఉందాండీ? ఏమైనా దిద్దుకోవాలాండీ?" అని అడిగాను.

"ఏమోనమ్మా," అన్నారు. "నేను పాఠం చూడట్లేదండి, వింటున్నాను. ఇంకొక్కసారి ఊదండి."

వేణువు ఎత్తాను. పెదవి వణికిపోతోంది, ఎంత బిగబట్టినా నిలవడం లేదు. ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు, తల కొంచెం వంచి, అది వచ్చేదాకా ఆగుతానన్నట్టు.